‘వస్తాను’ అన్న రోజే

హెరాయిన్ చివరి డోసు పడి ఎనిమిది పది గంటలైతే ముందు ఆవలింతలు వరస కడతాయి. ముక్కు కారుతుంది, చలి లేకపోయినా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి. తర్వాత ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనాలు. నిద్ర పట్టదు, కాళ్లు ఒకచోట ఆగవు. రెండు మూడు రోజులకు బాధ బాగా ముదురుతుంది. హెరాయిన్‌కి అలవాటుపడ్డ మనిషికి ‘చికిత్సకు పద’ అనగానే కళ్ల ముందు కదిలేది ఇదే. మనం మొండితనం అనుకునేదాంట్లో చాలావరకు భయమే.

హెరాయిన్ ఒంట్లో మార్ఫిన్‌గా మారి మెదడులోని మ్యూ గ్రాహకాలకు, అంటే ఇలాంటి మందులు పట్టుకునే చోట్లకు, అతుక్కుంటుంది. రోజూ ఇదే తంతు అయితే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. సరుకు ఆగిన రోజున ఆ సర్దుబాటంతా ఎదురు తిరుగుతుంది. కొన్నాళ్లు పోయాక డోసు వేసుకునేది మత్తు కోసం కాదు, మామూలుగా ఉండటానికి.

దీనికి మందులున్నాయి. 1960లలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే డాక్టర్లు మెథడోన్ వాడి చూశారు. అదీ ఆ గ్రాహకాలనే పట్టుకుంటుంది, కానీ నిదానంగా పనిచేసి రోజంతా నిలుస్తుంది. బ్యుప్రెనార్ఫిన్ అనే ఇంకో మందు తీరు వేరు. గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటుంది, పని మాత్రం అరకొరగానే చేయిస్తుంది. అది ఉండగా హెరాయిన్ వేసుకున్నా అంతగా ఎక్కదు. ఒక్క చిక్కుంది: హెరాయిన్ ఇంకా ఒంట్లో ఉండగా ఇస్తే దాన్ని గెంటేసి, బాధనంతా ఒక్కసారిగా తెచ్చిపెడుతుంది. అందుకే డాక్టర్లు ఆ ఆవలింతలు, ముక్కు కారడం మొదలయ్యేదాకా ఆగుతారు.

‘ఒక మత్తు మాన్పించి ఇంకోటి అంటగట్టడమేగా’ అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సరైన డోసు కుదిరినవాళ్లు తూలరు, పనికి వెళ్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండు మందుల్నీ 2005లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఒప్పించడం గురించి చెప్పాలంటే, 2015లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ డాక్టర్లు ప్రచురించిన అధ్యయనం నాకు పదేపదే గుర్తొస్తుంది. హెరాయిన్‌కో, అలాంటి నొప్పి మందులకో బానిసలై ఎమర్జెన్సీకి వచ్చిన 329 మందిలో కొందరికి చికిత్సా కేంద్రాల వివరాలిచ్చి పంపారు. కొందరితో కాసేపు కూర్చుని మాట్లాడి, కేంద్రానికి దారి చూపారు. మిగతావాళ్లకు ఆ మాటలతోపాటు బ్యుప్రెనార్ఫిన్ అక్కడే మొదలుపెట్టారు. నెల తర్వాత చికిత్సలో ఉన్నవాళ్లు వరసగా 37, 45, 78 శాతం. ‘వచ్చే నెల అపాయింట్‌మెంట్ తీసుకో’ అనే మాట ఎంత ఖరీదైనదో ఈ అంకెల్లో ఉంది. ఈ పూట ‘వస్తాను’ అన్న మనిషి సాయంత్రానికి మళ్లీ ఆవలిస్తుంటాడు.

అలాగని మాట దండగ అనను. మద్యం మానలేనివాళ్లతో పనిచేసిన విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1983లో రాసిన సంగతి ఇక్కడా పనికొస్తుంది: మనం ఎంత వాదిస్తే అవతలివాళ్లు తమ అలవాటును అంత వెనకేసుకొస్తారు. ‘ఎప్పుడు మానేస్తావ్?’ అని నిలదీస్తే అబద్ధమే జవాబు. ‘ఇందులో నిన్ను బాగా విసిగిస్తున్నదేంటి?’ అని అడిగి ఊరుకుంటే, మానాల్సిన కారణం వాళ్ల నోటే రావచ్చు.

బలవంతంగా పది రోజులు గదిలో పెట్టి మాన్పించడం మాత్రం ప్రమాదం. ఆ పది రోజుల్లో ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. బయటికొచ్చి పాత డోసే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఆ క్షణంలో ముక్కులో కొట్టే నలోక్సోన్ స్ప్రే హెరాయిన్‌ను గ్రాహకాల మీంచి తోసేసి ఊపిరిని వెనక్కి తెస్తుంది. దాని ప్రభావం మాత్రం గంట, గంటన్నరకే తగ్గిపోతుంది. స్ప్రే కొట్టగానే మనిషి లేచి కూర్చున్నా అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి.