మచ్చు చూసి మింగే బూజు

"తెగుళ్ళు రాకుండా మిర్చి నారుమడికి ట్రైకోడెర్మా వెయ్యమంటున్నారు. అదీ బూజే కదా సార్, రేపు మా నారునే తినేస్తే?" అని ప్రత్తిపాడు వైపు రైతు ఒకాయన అడిగారు. అనుమానంలో న్యాయముంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడ్డలు కుళ్ళిపోతుంటే, వాటి మీద దొరికింది ఈ ట్రైకోడెర్మా కుటుంబంలోదే. నూలు తిన్నది వేరును వదులుతుందా?

ముందు దాని వేట చూడాలి, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. రైజోక్టోనియా, ఫ్యుజేరియం లాంటి తెగులు శిలీంధ్రాల గోడల్లో కైటిన్ ఉంటుంది. రొయ్య పెంకులో ఉండేదీ అదే. ట్రైకోడెర్మా ఖాళీగా ఉన్నప్పుడు కూడా కైటిన్‌ను కోసే ఎంజైమును కాస్త కాస్త వదులుతూనే ఉంటుంది. గుంటూరు యార్డులో కొనేవాడు టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు లాగి మచ్చు చూస్తాడే, ఇదీ అంతే. ఎంజైము తగిలిన చోట శత్రువు గోడ నుంచి కైటిన్ ముక్కలు ఊడి, మట్టిలోని నీటిపొర గుండా ఇటు చేరతాయి. మచ్చు అందితే సరుకున్నట్టే. వెంటనే జన్యువులు మేల్కొని కైటినేజ్‌లు, గ్లూకనేజ్‌లు, ప్రోటియేజ్‌లు అనే కోత ఎంజైములు భారీగా తయారవుతాయి, బూజు పోగు అటు తిరిగి పెరుగుతుంది. మచ్చు రాకపోతే బేరమే లేదు, ఎంజైముల తయారీ ఖర్చుతో కూడిన పని మరి. బేరం కుదిరాక శత్రువు పోగును చుట్టేసి, గోడకు చిల్లులు పొడిచి లోపలిదంతా లాగేస్తుంది. డబ్బులివ్వడం మాత్రం ఉండదు. (ధర పడిపోయిన ఏడాది యార్డులోనూ అంతేనంటారు రైతులు.) రైజోక్టోనియా మీద ఈ దాడి గురించి వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త 1932లోనే రాశాడు. మన క్లాసుల్లో మాత్రం ఇంకా బూజంటే రొట్టె మీది బూజు బొమ్మ గీయించి వదిలేస్తారు.

నారుకుళ్ళు తెచ్చే పిథియం సంగతి వేరు. అది అసలు శిలీంధ్రమే కాదు, ఊమైసీట్ అనే వేరే జాతి, చూడ్డానికి మాత్రం బూజులా ఉంటుంది. గోడలో సెల్యులోజ్, బీటా గ్లూకాన్లే ఎక్కువ, కైటిన్ దాదాపు ఉండదు. అక్కడ కోత పని గ్లూకనేజ్, సెల్యులేజ్‌లది. నారు గుంపులు గుంపులుగా పడిపోతే దిష్టిబొమ్మ కట్టేవాళ్ళున్నారు. మడిలో నీళ్ళు నిలవకుండా చూస్తే సగం దిష్టి అక్కడే పోతుంది.

ఇక వేరు మాట. ట్రైకోడెర్మా వేరు పైపొరల్లోకి నిజంగానే దూరుతుంది. మొక్క సాలిసిలిక్ ఆమ్లంతో దాన్ని అక్కడే ఆపుతుంది. ఆ ఆమ్లం తయారు చేయలేని అరబిడాప్సిస్ (ప్రయోగాలకు వాడే చిన్న మొక్క) మొక్కల్లో ఇదే బూజు నీరు మోసే నాళాల దాకా వెళ్ళింది. మామూలు మొక్కలో ఆ గొడవ వల్ల రక్షణ వ్యవస్థ అప్రమత్తమై, తర్వాత వచ్చే అసలు తెగులును త్వరగా ఎదుర్కొంటుంది.

వాడకం చెప్పేస్తాను. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి ఆరకుండా గోనె కప్పి నీడలో వారం పది రోజులు ఉంచి ఎకరానికి చల్లాలి. కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని మందు దీన్ని కూడా చంపుతుంది, రెండూ ఒకేసారి వాడొద్దు. ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి, ఎండలో పెట్టకండి. బీజాలు చచ్చాక అందులో మిగిలేది టాల్కం పొడే.