కళ్ళజోడు బాతు కందనకాయలో సీసం

దాళ్వా కోతలు అయ్యాక మన చేలల్లోకి బాతుల మందలు దిగుతాయి. రాలిన గింజా, నత్తా ఏరుకుంటూ చేను చేనూ తిరుగుతాయి. అలాంటి బాతు ఒకటి ఇంటికి కూరకు వస్తే, కందనకాయ శుభ్రం చేసేవాళ్ళకి లోపల ఏముంటుందో తెలుసు. నిలువునా చీరగానే పసుపుపచ్చ తోలు, దానికి అంటుకుని ఇసుక, చిన్న చిన్న రాళ్ళు. పళ్ళు లేని పక్షికి అదే తిరగలి. అందుకే బాతు బురదలో తిండితో పాటు రాళ్ళనీ వెతుక్కుంటుంది. రాయనుకుని సీసం గుండు మింగితే ఏమవుతుందో అమెరికాకి ఉత్తర కొసన ఉన్న అలాస్కాలో, యూకాన్, కస్కోక్విమ్ నదుల డెల్టాలో తెలిసొచ్చింది.

ఆ బాతు పేరు స్పెక్టకిల్డ్ ఈడర్. కోరంగి మడల్లోనో కొల్లేట్లోనో వెతికితే దొరకదు, అది ఇంత దక్షిణానికి రానే రాదు. మగదాని కళ్ళ చుట్టూ తెల్లటి గుండ్రటి మచ్చ, దానికి నల్లటి అంచు, అచ్చం కళ్ళజోడే. తల లేత ఆకుపచ్చ, ముక్కు నారింజ, వీపు తెలుపు, రొమ్మూ పొట్టా నలుపు. బరువు దాదాపు కిలోన్నర ఉంటుంది. ఆడదానిది చారల గోధుమరంగు ఒళ్ళు. కళ్ళజోడు దానికీ ఉంది కానీ వెలిసిపోయినట్టు ఉంటుంది.

ఏడాదిలో ఎక్కువ కాలం సముద్రం మీదే గడిపే ఈ పక్షి, మే నెలాఖరు నుంచి గుడ్ల కోసం నేల మీదకు వస్తుంది. ఎక్కువ భాగం రష్యా ఉత్తర తీరానికి, మిగతావి అలాస్కాకి. చెట్టనేది లేని ఆ చిత్తడి నేలలో, గుంటల గట్ల మీద గడ్డిలో గుంత చేసి, తన రొమ్ము మీది మెత్తటి ఈకలు పరిచి నాలుగైదు గుడ్లు పెడుతుంది. పొదుగు మొదలవగానే మగది సముద్రానికి వెళ్ళిపోతుంది. తల్లి ఒక్కతే దాదాపు 24 రోజులు, తిండి కూడా సరిగా తినకుండా కూర్చుంటుంది. మన ఊళ్ళలో బాతు గుడ్లను కోడి కింద పెట్టి పొదిగిస్తారు, పెంపుడు బాతుకి అంత ఓపిక ఉండదని. ఈడర్ తల్లిని చూస్తే ఆ మాట బాతు జాతి మొత్తానికీ అనలేం. పిల్లలు పుట్టిన ఒకటి రెండు రోజులకే తల్లి వెంట నీళ్ళలోకి దిగుతాయి. ఎగరడానికి మరో యాభై రోజులు పడుతుంది.

చిక్కంతా ఆ గుంటల్లోనే ఉంది. ఆ డెల్టాలో మూలవాసులైన యూపిక్ జనం తరతరాలుగా తిండి కోసం పక్షుల్ని వేటాడేవారు. తుపాకులు వచ్చాక గురి తప్పిన ప్రతి దెబ్బకీ గుప్పెడు సీసం గుళ్ళు నీళ్ళలో పడ్డాయి. ఒక్కో గుండు ఆవగింజ కంటే పెద్దది, మిరియం కంటే చిన్నది. మన విసురు వల అంచున కట్టే సీసం దాని ముందు బండరాయి. ఆ గుళ్ళు త్వరగా లోతుకు దిగిపోవు, ఏళ్ళ తరబడి ముక్కుకి అందేంత పైనే ఉంటాయి. మింగిన గుండుని కందనకాయ నూరుతుంది, లోపలి ఆమ్లం కరిగిస్తుంది, సీసం రక్తంలో కలుస్తుంది. కండరాలు చచ్చుబడి చివరికి ఆ తిరగలే ఆగిపోతుంది. గొంతు దాకా తిండి ఉన్నా పక్షి ఆకలితో చస్తుంది. బతికున్న బాతుల్ని ఎక్స్‌రే తీస్తే లోపల గుళ్ళు కనిపించాయి.

1970ల్లో ఆ డెల్టాలో దాదాపు 48,000 జంటలు గూళ్ళు పెట్టేవని అంచనా. 1990ల మొదటికి రెండువేలకు అటూఇటుగా మిగిలాయి. అంతా సీసం పాపమే అనడం సరికాదు, నక్కలూ వేటా కూడా ఉన్నాయి. అయినా తేలిగ్గా ఆపగలిగింది సీసాన్నే. 1991 నుంచి అమెరికా అంతటా నీటిపక్షుల వేటలో సీసం గుళ్ళను నిషేధించారు. 1993లో ఈ బాతుని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు.

విచిత్రమేమిటంటే, జాబితాలో చేర్చేనాటికి అది చలికాలం ఎక్కడ గడుపుతుందో ఎవరికీ తెలియదు. 1847లోనే శాస్త్రవేత్తలు పేరు పెట్టిన పక్షి ఇది! 1995లో ఒక బాతు ఒంట్లో అమర్చిన ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ పట్టుకుని విమానంలో వెళ్ళినవాళ్ళకి, బేరింగ్ సముద్రంలో సెయింట్ లారెన్స్ దీవికి దక్షిణంగా, మంచుగడ్డల మధ్య నీటి చీలికల్లో కిక్కిరిసిన బాతులు కనిపించాయి. తర్వాతి లెక్కల్లో అన్నీ కలిపి మూడు లక్షల పైనే తేలాయి. అవి అక్కడ అరవై, డెబ్బై మీటర్ల లోతుకి మునిగి అడుగునున్న గుల్లల్ని తింటాయి. అయితే ఆ చోట గుల్లల రకాలు మారుతున్నాయి, సముద్రపు మంచూ తగ్గుతోంది.

నిషేధం తర్వాత డెల్టాలో జంటలు మెల్లగా పెరిగాయి. ఆడ ఈడర్లు పుట్టిన చోటికే గుడ్లకు తిరిగొస్తాయి. కాబట్టి పాత గుళ్ళున్న అవే గుంటల గట్ల మీద ప్రతి జూన్‌లోనూ మళ్ళీ ఈకలు పరుస్తున్నాయి.