పడుగు చాచిన వీధిలో బండ్ల బారు

నేతవారి వీధి వెడల్పును బండ్లను చూసి ఎవరూ నిర్ణయించలేదు. మగ్గం ఇంట్లో ఉంటే, పడుగు (బట్టలోని నిలువు పోగులు) వీధిలో ఉండేది. తెల్లవారకముందే పోగులను వీధి పొడవునా చాచి, తెగినవాటిని ముడివేసి, ఎండ ముదిరేలోగా చుట్టేసేవారు. అంతసేపూ దారిన పోయేవారే ఒదిగి నడిచేవారు. పట్టుచీరలకు పేరుపడ్డ బరంపురంలో తెలుగు నేతకారుల పేటలున్న పాత భాగం ఆ కాలపు కొలతలతోనే నిలిచింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. 2008లో నగరపాలక సంస్థ అయింది. హోదా పెరిగింది గానీ పాత వీధి ఒక్క గజం పెరగలేదు. ఆ వీధిలోకే మోటారు సైకిళ్లు, ఆటోలు, సరుకుల వ్యాన్లు వచ్చి చేరాయి.

ఇక ఫుట్‌పాత్ అంటే మురుగు కాలువ మీద పరిచిన పలకలే. ఒకటి విరిగి ఉంటుంది, రెండోదానిపై ఎవరి స్కూటరో నిలబడి ఉంటుంది. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల ప్రకారం కాలిబాటపై కనీసం 1.8 మీటర్ల జాగా ఏ అడ్డూ లేకుండా ఉండాలి. అంటే రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చినా ఒరుసుకోకుండా సాగాలి. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మోకాళ్ల నొప్పులున్న మామ్మకు ఈ రెండో నియమం విలువ చెప్పక్కరలేదు. గట్టు ఎక్కలేకనే ఆమె రోడ్డు మీద నడుస్తుంది.

తప్పంతా తోపుడుబండ్లదేనంటారు. నాకైతే నిలిపి ఉంచిన మోటారు బండ్లే ఎక్కువ కనిపిస్తాయి. పైగా 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం తోపుడుబండికి హక్కు ఇచ్చింది. దారికి అడ్డంగా నిలిపిన స్కూటరుకు అలాంటి హక్కేదీ లేదు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది పాదచారులు. కాలిబాట జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. ఒడిశా ప్రభుత్వం తొమ్మిదో తరగతి పిల్లలకు సైకిళ్లు ఇస్తోంది, మంచి పనే. బడి గంట వేళకు ఆ సైకిళ్లు లారీల పక్కనే సాగాలి మరి.

ఇరుకు వీధి అనగానే అందరికీ తోచేది రోడ్డు వెడల్పు చేయడం. అరుగులు, ముందు గదులు కూలుతాయి, వచ్చిన జాగాలో వేగం పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్లకు మించని వాహనం తగిలితే బతికే అవకాశం ఎక్కువ, 50 దగ్గర అది బాగా తగ్గిపోతుంది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 పరిమితి ఉండాలని రోడ్డు భద్రతపై 2020 నాటి స్టాక్‌హోమ్ ప్రకటన కూడా కోరింది. సైకిలుకు వేరే బాట వేయలేని వీధిలో ముందు చేయాల్సింది వేగం తగ్గించడం, ఒక వైపు పార్కింగ్ ఎత్తేయడం. ఇంటిగోడ జోలికి పోనక్కరలేదు.

రెండేళ్లకోసారి ఊరి దేవత బుఢీ ఠాకురాణి యాత్రకు ఈ వీధులు జనంతో నిండిపోతాయి. ఆ రాత్రుళ్లు పిల్లలు నడిరోడ్డు మీద అమ్మ చేయి వదిలి పరిగెడతారు. పందిళ్లు విప్పిన మర్నాడు స్కూటర్లు మళ్లీ అవే పలకల మీదికి వస్తాయి.