సునామీ హెచ్చరిక: హైదరాబాద్‌లో మోగింది ఒడ్డు దాకా చేరాలంటే

2004 డిసెంబర్ 26, ఆదివారం. పౌర్ణమి కావడంతో మచిలీపట్నం దగ్గర మంగినపూడి బీచ్‌లో జనం పొద్దున్నే సముద్ర స్నానాలకు దిగారు. అప్పటికే, మన టైమ్ ప్రకారం ఆరున్నర ప్రాంతంలో, ఇండొనేషియాలోని సుమత్రా దీవి పక్కన సముద్రం అడుగున భూమి కంపించింది. ఆ అల మన తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. పిల్లల్ని చంకనెత్తుకుని, ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించినా ఒడ్డు వదిలి దూరం వెళ్లడానికి చాలినంత సమయం అది. కానీ వెళ్లమని చెప్పే ఏర్పాటే లేదు. మంగినపూడిలో స్నానాలకు దిగినవాళ్లను అల లాక్కుపోయింది. ఆ రోజు ఆంధ్ర తీరంలో వందమందికి పైగా చనిపోయారు. తమిళనాడులో ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరు వేల మంది దాకా పోయారు. హిందూ మహాసముద్రం చుట్టూ 14 దేశాల్లో కలిపి మృతులు 2 లక్షల 20 వేలు దాటారు.

హెచ్చరించడం అప్పటికి ఎవరికీ తెలియని విద్యేమీ కాదు. 1946లో అలాస్కా వైపు నుంచి వచ్చిన సునామీకి హవాయిలో 150 మందికి పైగా చనిపోతే, 1949లోనే అక్కడ హెచ్చరిక కేంద్రం పెట్టారు. 2004లో సుమత్రా భూకంపాన్ని ఆ కేంద్రం పావుగంటలోనే పసిగట్టి, పసిఫిక్ తీరాలకు ప్రమాదం లేదని ప్రకటన ఇచ్చింది. దాని బాధ్యత పసిఫిక్ వరకే. హిందూ మహాసముద్రానికి అలాంటి కేంద్రం ఒక్కటీ లేదు. మన దగ్గర సునామీలు అరుదు కదా అన్న ధీమా అందరిలోనూ ఉండేది.

అదే రోజు భూకంప కేంద్రానికి బాగా దగ్గరగా ఉన్న ఇండొనేషియాలోని సిమెలూ దీవిలో జరిగింది చూడండి. పది నిమిషాలు తిరక్కుండానే అక్కడికి అల వచ్చేసింది. జనాభా 78 వేల దాకా ఉన్న ఆ దీవిలో చనిపోయింది ఏడుగురు. సైరన్ లేదు, ఫోన్ లేదు. 1907లో వచ్చిన సునామీని వాళ్ల తాతలు చూశారు. భూమి గట్టిగా ఊగితే, ఆపై సముద్రం వెనక్కి పోతే, ఏదీ తీసుకోకుండా కొండెక్కమని కథల్లో, జోలపాటల్లో పిల్లలకు చెబుతూ వచ్చారు. 97 ఏళ్ల తర్వాత ఆ మాటే వాళ్లను కాపాడింది.

మన దేశం 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రంలో) సునామీ హెచ్చరిక కేంద్రాన్ని ప్రారంభించింది. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలోని ఈ ఊళ్లో రాత్రీపగలూ మనుషులు తెరల ముందు కూర్చుంటారు. పెద్ద భూకంపం వస్తే పది నిమిషాల్లోపే దాని చోటు, తీవ్రత లెక్కగట్టి మొదటి బులెటిన్ ఇస్తారు. ముందే వేసిపెట్టుకున్న లెక్కల్ని బట్టి ఏ తీరానికి ఎంత అల రావచ్చో చెబుతారు. నిజంగా అల పుట్టిందా లేదా అన్నది సముద్రం అడుగున పెట్టిన నీటి ఒత్తిడి కొలిచే యంత్రాలు, తీరంలోని నీటిమట్టం కొలిచే పరికరాలు తేలుస్తాయి. 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండొనేషియాలతో కలిసి హిందూ మహాసముద్ర దేశాలన్నిటికీ ఇక్కణ్నుంచి సమాచారం వెళ్తోంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూమి కంపించినప్పుడు చెన్నైలో ఆఫీసులు ఖాళీ అయ్యాయి, తీరమంతా టెన్షన్ పడింది. అయితే ఈసారి భూఫలకాలు పక్కకు జారాయి తప్ప సముద్రపు నేలను పైకెత్తలేదు. అందుకే పెద్ద అల పుట్టలేదు. కేంద్రం ఆ సాయంత్రమే హెచ్చరికను వెనక్కి తీసుకుంది.

పరికరాల సంగతి బాగానే ఉంది. నన్ను ఆలోచనలో పడేసేది ఒడ్డున ఉన్న అలవాట్లు. 1977 దివిసీమ ఉప్పెన దగ్గర్నుంచి మన తీరం తుఫానును చూస్తూ పెరిగింది. తుఫాను కబురు రోజుల ముందే వస్తుంది, వేటకు వెళ్లిన బోట్లు ఒడ్డుకు చేరాలి. సునామీకి ఇది సరిగ్గా తిరగబడుతుంది. లోతు సముద్రంలో ఆ అల బోటు కింద నుంచి వెళ్లినా తెలియదు, ఒడ్డు దగ్గరికొచ్చాకే పైకి లేస్తుంది. కాబట్టి హెచ్చరిక విన్నప్పుడు లోతులో ఉన్న బోటు ఒడ్డుకు రాకూడదు. హార్బర్‌కి వచ్చేసి బోటును కట్టేద్దామనుకునేవాళ్లకే ముప్పు.

సముద్రం వెనక్కి వెళ్తేనే సునామీ అన్న నమ్మకమూ పూర్తిగా నిజం కాదు. 2004లో థాయ్‌లాండ్ వైపు ముందు నీళ్లు తగ్గాయి, భారత తీరం వైపు మాత్రం ముందు వచ్చింది అల శిఖరమే. నీళ్లు తగ్గేదాకా చూద్దామని నిలబడితే అంతే సంగతులు. ఒక అల వచ్చి పోయిందని దిగి రావడం కూడా ప్రాణాంతకమే. 1960లో హవాయిలోని హిలో పట్టణంలో గంటల ముందే సైరన్లు మోగాయి. మొదటి అలలు చిన్నగా ఉండేసరికి కొందరు వెనక్కి వచ్చారు, కొందరు అసలు కదల్లేదు. అర్ధరాత్రి దాటాక వచ్చిన పెద్ద అలకు 61 మంది చనిపోయారు. అధికారులు చెప్పేదాకా, కొన్ని గంటలైనా సరే, ఎత్తులోనే ఉండాలి. లోపలికి వెళ్లే టైమ్ లేకపోతే గట్టి కాంక్రీటు మేడ పైఅంతస్తు ఎక్కాలి.

ఈ మాటలు ఊళ్లోకి వెళ్లే దారి 2020లో ఒడిశా చూపించింది. గంజాం జిల్లా వెంకట్రాయ్‌పూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి గ్రామాలకు ఐక్యరాజ్యసమితి విద్యా సంస్థ యునెస్కో నుంచి ‘సునామీ రెడీ’ గుర్తింపు వచ్చింది. ఒడిశా తీరంలో నోలియాలంటే తరాల క్రితం మన వైపు నుంచి వలస వెళ్లిన తెలుగు మత్స్యకారులే. ఆ గుర్తింపు కావాలంటే ఊళ్లో ఏ వీధి ఎంత మునుగుతుందో మ్యాప్ ఉండాలి, ఎటు పరుగెత్తాలో బోర్డులుండాలి, హెచ్చరిక వినడానికి ఏర్పాటు ఉండాలి, ఊరంతా కలిసి డ్రిల్ చేయాలి. ఒకసారి తెచ్చుకుంటే అయిపోయేది కూడా కాదు, గడువు తీరాక మళ్లీ పరీక్షకు నిలబడాలి.