ఇంటి షెడ్డులో పాత జీపు: అపోహలు - వాస్తవాలు

మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది 1940ల చివర్లో. తర్వాత వచ్చిన ఎత్తు బానెట్ సీజే-3బీ, ఆ వెనక వచ్చిన ఎంఎం 540 ఇప్పటికీ రైసు మిల్లుల వెనక, తోటల్లో, కోళ్లఫారాల పక్కన నిలబడి కనిపిస్తాయి. వాటిని ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలని నా దగ్గరికి వచ్చేవాళ్లు కొన్ని నమ్మకాలు వెంట తెచ్చుకుంటారు. వాటి వల్ల డబ్బు పోతుంది, కొన్నిసార్లు ప్రాణం మీదికీ వస్తుంది.

అపోహ: ఇంజన్ స్టార్టయితే బండి మంచిదే.

వాస్తవం: మొత్తం బండిలో తేలిగ్గా కుదిరేది ఇంజనే. బోరు కొట్టడానికి, క్రాంక్ గ్రైండింగ్‌కి లేత్ షాపులున్నాయి, విడిభాగాలకు విజయవాడ ఆటోనగర్ ఉంది. ముందు చూడాల్సింది ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం. కమాను పట్టీల బ్రాకెట్ల దగ్గర, టబ్బు (బాడీ) కూర్చునే చోట, వెనక అడ్డ రైలులో బురద పేరుకుని ఇనుమును లోపల్నుంచి తింటుంది. కాకినాడ, విశాఖ వైపు ఉప్పుగాలికి తిరిగిన బండ్లలో ఇది ఇంకా ఎక్కువ. చిన్న సుత్తితో వరసగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగున మోగుతుంది, తుప్పు తిన్నచోట మొద్దుగా పలుకుతుంది. తర్వాత టేపుతో మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ కలవకపోతే ఛాసిస్ వంకర పోయినట్టే. 3బీకి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు 80 అంగుళాలు, 540కి 91. కుడివైపు, ఎడమవైపు ఒకే కొలత రావాలి. ఇవి చూడకుండా పెయింట్ రంగు గురించి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

అపోహ: శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే తుప్పు సమస్య తీరిపోతుంది.

వాస్తవం: గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి తుప్పు రాల్చడమే శాండ్ బ్లాస్టింగ్. ఛాసిస్‌కి, చక్రాలను మోసే యాక్సిల్‌కి అది చక్కటి పని. పల్చటి బానెట్, డోరు రేకుల మీద గట్టిగా కొడితే రేకు అలలు అలలుగా సాగిపోతుంది, మళ్లీ చదును చేయడం చాలా కష్టం. రేకుకు పెయింట్ రిమూవర్, వైర్ బ్రష్, తుప్పు మందు చాలు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశముంది, కాబట్టి పొడిగా గీకకుండా తడిపి రుద్దండి. చిల్లులు పడినచోట పుట్టీ నింపకూడదు. కుళ్లిన ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి.

అపోహ: హ్యాండ్ బ్రేక్ వేశాం కదా, జాకీ ఎత్తొచ్చు.

వాస్తవం: నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. 3బీ లాంటి పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలను పట్టుకోదు. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే పెట్టె) వెనక, వెనక యాక్సిల్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదట్లో ఉన్న చిన్న డ్రమ్మును పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచిందంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల అది వెనక్కి, నేలమీది చక్రం ముందుకి తిరగగలవు. షాఫ్ట్ మాత్రం కదలదు. అంటే బ్రేక్ పట్టి ఉండగానే బండి దొర్లిపోతుంది. ఫోర్‌వీల్ (నాలుగు చక్రాలకూ శక్తి అందే అమరిక) వేయకుండా గేర్‌లో పెట్టినా అంతే. షాఫ్ట్ విప్పేశాక ఆ బ్రేక్‌తో ఇక పనే లేదు. నేలమీదున్న చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టాలి, గట్టి నేలమీద జాక్ స్టాండు వేయాలి. ఇటుకలు, సిమెంటు బ్లాకులు హెచ్చరిక లేకుండా పగులుతాయి. వాటిమీద నిలబెట్టిన బండి కిందికి దూరొద్దు.

బ్రేక్ డ్రమ్ములు విప్పినప్పుడు దుమ్మును గాలితో ఊదడం కూడా మానాలి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి, మాస్కు పెట్టుకోండి.

అపోహ: బిగుసుకుపోయిన ఇంజన్‌ని ట్రాక్టరుతో లాగితే విడిపోతుంది.

వాస్తవం: విడిపోయేలోపు కనెక్టింగ్ రాడ్డు వంగొచ్చు, రింగులు విరగొచ్చు. పెట్రోలు ఇంజన్ అయితే ప్లగ్గులు విప్పి, డీజిల్‌లో ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్సులో పోసే ఆయిల్) కలిపి సిలిండర్లలో పోసి కొన్ని రోజులు నాననివ్వండి. తర్వాత ఇంజన్ తిప్పే హ్యాండిల్‌తో కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపాలి. దీనికి ఓపిక తప్ప దగ్గరిదారి లేదు.

అపోహ: గేర్ బాక్సుకైనా యాక్సిల్‌కైనా 90 ఆయిలే.

వాస్తవం: 90 చిక్కదనం మాత్రమే చెబుతుంది. యాక్సిల్‌లోని హైపాయిడ్ పళ్లకు (ఒకదానిమీద ఒకటి జారుతూ తిరిగే గేరు పళ్లు) జీఎల్-5 రకం ఆయిల్ సరిపోతుంది. గేర్ బాక్సులో గేర్లు సాఫీగా పడేలా చేసే కంచు సింక్రో రింగులను ఆ జీఎల్-5లోని గంధకపు మందులు తినేయగలవు. అక్కడ జీఎల్-4 పోయండి.

అపోహ: ఫోర్‌వీల్ వేసుకుంటే తారు రోడ్డు మీద కూడా పట్టు బాగుంటుంది.

వాస్తవం: వీటిలో ముందూ వెనకా యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ లేదు. గట్టి రోడ్డు మీద మలుపు తిప్పితే షాఫ్టులు మెలిబడతాయి. మట్టి, ఇసుక, బురదలోనే వేయాలి.

ఇంకో మాట. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ ప్యాకింగులు దానికి పాడవుతాయి. ఇథనాల్‌ని తట్టుకునే రకం వేసుకోండి.

అపోహ: 50 ఏళ్లు దాటింది కాబట్టి వింటేజ్ నంబరు తీసుకుని రోజూ తిప్పుకోవచ్చు.

వాస్తవం: 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ నమోదుకు రుసుము రూ. 20,000, గడువు పదేళ్లు. ఆ నంబరుతో ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, మరమ్మతుకు వెళ్లొచ్చు. రోజువారీ వాడకం కుదరదు. రోజూ నడపాలంటే మామూలు ఆర్‌సీ సజీవంగా ఉండాలి. సొంత బండికి మొదటి 15 ఏళ్ల తర్వాత అయిదేళ్లకోసారి పొడిగింపు. ఒకప్పుడు చాలా పెట్రోలు జీపులకు డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. రవాణా శాఖ అనుమతితో అది ఆర్‌సీలోకి ఎక్కకపోతే పొడిగింపు దగ్గరే ఆగిపోతుంది. అందుకే బయానా ఇవ్వకముందే ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి. దాన్ని, ఇంజన్ నంబరును, ఇంధనం రకాన్ని ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూడండి.