ఉరుము వినిపించక ముందే

పిల్లలూ,

మీ హామ్ రేడియో (అభిరుచి కొద్దీ నడిపే రేడియో) యాంటెన్నాకి టవర్ నిలబెట్టామని రాశారు. చాలా సంతోషం. మబ్బులు పట్టేలోగా ఈ సంగతులు మీకు చేరాలని వెంటనే రాస్తున్నాను.

పిడుగు సరిగ్గా టవర్ మీదే పడనక్కర్లేదు. దగ్గర్లో పడినా పొడవాటి తీగల్లో వోల్టేజ్ పుడుతుంది. ఒకసారి యాంటెన్నా కేబుల్ తీసేశాను కదా అని ధీమాగా పడుకున్నాను. యాంటెన్నాను తిప్పే మోటార్ వైరు మాత్రం అలాగే ఉండిపోయింది. పొద్దున కంట్రోల్ బాక్స్ విప్పితే బోర్డు మీది రాగి గీతలు లేచిపోయి, వాటి చోట మసి చారలున్నాయి. ఆ వోల్టేజ్ అక్కడి నుంచి ప్లగ్ దారిన వెళ్లి రేడియో పవర్ సప్లైని కూడా కాల్చేసింది.

పిడుగు కరెంటు తరచుగా 30,000 ఆంపియర్ల దాకా ఉంటుంది, అదీ మైక్రోసెకన్లలో ఎగబాకుతుంది. అంత వేగానికి ఎర్త్ తీగ కూడా అడ్డే. మీటరు తీగకు సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును తీగ అడ్డుకునే గుణం) అనుకుంటే, ఆ కరెంటు 2 మైక్రోసెకన్లలో పెరిగినప్పుడు మీటరుకు 15,000 వోల్టులు! అందుకే ఎర్త్ దారి పొట్టిగా, మెలికలు లేకుండా ఉండాలి. సన్న తీగ కంటే వెడల్పాటి రాగి పట్టీ మేలు.

చాలామంది టవర్‌కి ఒక ఎర్త్, రేడియోకి ఒకటి, ఇంటి కరెంటుకి ఇంకొకటి విడివిడిగా వేసి ఊరుకుంటారు. పిడుగు పడగానే టవర్ ఎర్త్ వేల వోల్టులకు లేస్తుంది, ఇంటి ఎర్త్ కిందే ఉంటుంది. ఆ తేడా మొత్తం మీ రేడియో గుండా పోతుంది. అన్నిటినీ కలిపి కట్టేస్తే అన్నీ కలిసి లేస్తాయి, మధ్యలో తేడా బాగా తగ్గిపోతుంది. కేబుళ్లన్నీ ఇంట్లోకి వచ్చేచోట ఒకే లోహపు పలక పెట్టి, అరెస్టర్లను (ఎక్కువైన వోల్టేజ్‌ను ఎర్త్‌లోకి మళ్లించే పరికరాలను) దానికే బిగించి, పలకను ఆ కలిపి కట్టిన ఎర్త్‌కి కలపండి. మోటార్ వైరుకీ అరెస్టర్ ఉండాలి.

ఇవన్నీ చేసినా, వాడనప్పుడు కేబుళ్లు ఊడదీసి ఇంటి బయటే వదలండి. ప్లగ్గులూ తీసేయండి. కానీ ఉరుము వినిపించాక వాటిని ముట్టుకోవద్దు. మబ్బు పది కిలోమీటర్ల దూరంలో ఉన్నా పిడుగు మీ దాకా రాగలదు. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త, ఎర్త్‌కి కలపని ఇనుప కడ్డీని ఇంట్లోకి తెచ్చి, ఉరుముల వేళ దాని దగ్గర నిలబడి చనిపోయాడు. రేడియో పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు నాన్నా.

కేబుళ్లు ఇంట్లోకి వచ్చేచోట ఫోటో తీసి పంపండి, చూసి చెప్తాను.

73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు),
మీ తాతయ్య