లాక్‌లస్టర్: కంటి కోసం పుట్టిన మాట

చిరంజీవులకు ఆశీస్సులు.

మన జట్టు చప్పగా ఆడి ఓడిన మర్నాడు ఇంగ్లిష్ పేపర్లో ‘లాక్‌లస్టర్’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. కళ తప్పిన, జీవం లేని అని అర్థం. లాక్ అంటే లేకపోవడం, లస్టర్ అంటే మెరుపు. ఈ లస్టర్ మూలం లాటిన్. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఇంటి కప్పుకు వేలాడే దీపాల గుత్తిని ఆ పేరుతోనే పిలుస్తారు.

ఈ రెంటినీ జతచేసిన పాత రాత షేక్‌స్పియర్ నాటకం ‘యాజ్ యు లైక్ ఇట్’లో ఉంది. రాసింది 1599 ప్రాంతంలో, అచ్చయింది 1623లో. అడవిలో టచ్‌స్టోన్ అనే విదూషకుడు సంచిలోంచి చిన్న నీడ గడియారం తీసి, దాన్ని ‘లాక్‌లస్టర్’ కంటితో చూస్తాడు. ‘ఇప్పుడు పది. గంట కిందట తొమ్మిది, ఇంకో గంటకి పదకొండు. ఇలాగే గంటగంటకీ పండుతాం, గంటగంటకీ కుళ్లుతాం’ అంటాడు. అది విని ఆపకుండా గంటసేపు నవ్వానని చెప్పేవాడు జేక్విస్. ఎప్పుడూ దిగులుగా ఉండే మనిషి! ‘లోకమంతా ఒక నాటకరంగం’ అన్న మాటలు కూడా అతనివే, అదే రంగంలోవే. నన్నడిగితే ఆ విదూషకుడి కన్ను నిజంగా జీవం లేనిది కాదు, పెద్దమనిషి వేషం కట్టిన కన్ను.

‘లాక్’ తగిలించి మాటలు కట్టడం షేక్‌స్పియర్‌కి సరదా. బుర్ర లేనివాడు ‘లాక్‌బ్రెయిన్’, గడ్డం రాని కుర్రాడు ‘లాక్‌బియర్డ్’, ప్రేమ లేనివాడు ‘లాక్‌లవ్’. అంతకు ముందే 1215లో రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా అనే పత్రానికి ఒప్పుకున్న ఇంగ్లండ్ రాజు జాన్‌కీ ‘లాక్‌లాండ్’ అనే ఎగతాళి పేరుంది. చిన్నకొడుకు కావడంతో తండ్రి పంపకాల్లో అతనికి భూమి దక్కలేదు మరి. వీటిలో చాలావరకు నాటకం పుస్తకాల్లోనే ఉండిపోయాయి. లాక్‌లస్టర్ మాత్రం కంటిని దాటి ఆటకీ, ఉపన్యాసానికీ, చివరికి షేర్ మార్కెట్‌కీ పాకింది.

అయినా ఓడిన ప్రతి ఆటకీ దీన్ని అంటించకండి. పోరాడి ఓడిన ఆట లాక్‌లస్టర్ కాదు. బాగా ఆడగలవాళ్లు మనసు పెట్టకుండా ఆడి గెలిచినా సరే, అది లాక్‌లస్టరే. అమెరికావాళ్లు స్పెల్లింగ్ చివర ‘ఇఆర్’ రాస్తారు, బ్రిటన్‌వాళ్లు ‘ఆర్ఇ’. మీ టీచరు ఏది రాయమంటే అది రాయండి.

మీ తాతయ్య